చెమటలో వణికిన ఉద్యోగం

ఆ రోజుల్లో మా నర్సీపట్నానికి ఉన్నవి రెండే కాలాలు: ఎండాకాలం, ఎండ కాస్త తగ్గినట్టుందే అనుకునే కాలం. (వానలు పడినా ఉక్కపోత పోదు కనుక వానాకాలాన్ని నేను లెక్కలోకి తీసుకోను.) చలి అన్నది పైనున్న లంబసింగి కొండకే రాసిపెట్టి ఉంది. డిసెంబరు వస్తే చాలు, ఆ చలిని చూడ్డానికి విశాఖపట్నం జనం కార్లేసుకుని మా ఊరి మీదుగా పోయేవారు. ఆ దారిలో స్వెట్టర్ల కొట్టు పెట్టినాయన్ని అందరూ చలి షావుకారు అనేవారు. డిగ్రీ చేసి ఊరకే తిరుగుతున్న నన్ను ఆయన పనిలో పెట్టుకుని, "ఈ సీజన్లో సరుకు కదిలితే ఉంటావు, లేదంటే ఎల్లిపోతావు, అంతే" అన్నారు. అమ్మేమో అప్పటికే వీధంతా తిరిగి "మావోడికి ఉజ్జోగం వచ్చీసింది" అని చెప్పేసింది.

సరుకు కదల్లేదు. మధ్యాహ్నం కార్లు ఆగేవి. దిగినవాళ్ళు చెమట తుడుచుకుని, కొబ్బరిబొండాలు తాగి, "ఇక్కడే ఇలా ఉడికిపోతుంటే పైన చలేంటండీ" అని వెళ్ళిపోయేవారు. చివరికి షావుకారు నాకు దళసరి స్వెట్టరు తొడిగి, మంకీ క్యాప్ పెట్టి, కొట్టు ముందు నిలబెట్టారు. "ఊరికే నిలబడిపోతావేటి? వణుకు!" అన్నారు. నేనేం తక్కువ తినలేదు. పళ్ళు టకటకలాడిస్తూ వణికాను. చెమట మాత్రం నా మాట వినకుండా గడ్డం మీదుగా కారుతోంది.

సరిగ్గా అప్పుడే కూరలకొచ్చిన అమ్మ చూసింది. మన్యం అంచున బతికే మాకు వణుకూ చెమటా కలిసి కనబడితే ఒకటే అర్థం, మలేరియా. వంకాయల సంచీ రోడ్డు మీద వదిలేసి, "ఓలమ్మో! నా కొడుక్కి మలేరియా వచ్చీసింది, బేగి ఆటో ఆపండి బాబూ!" అని కేక పెట్టింది. నటన అని చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే సూది తప్పదు. ఆలోచించి ఇంకాస్త గట్టిగా వణికాను.

"ఏమైందండీ ఆ అబ్బాయికి?" అన్నాడు కారు దిగినాయన.

"ఏటవుతాదండీ, నిన్న స్వెట్టర్ లేకండా లంబసింగి ఎల్లొచ్చాడు" అన్నారు షావుకారు, రెప్ప వేయకుండా.

ఆటోలోంచి వెనక్కి చూస్తే జనం కొట్టు మీద పడి కొంటున్నారు. ఉద్యోగం నిలిచింది. రక్తపరీక్షలో ఏమీ లేదన్నా వినకుండా అమ్మ నాకు చేదు నేలవేము కషాయం పట్టించింది.

ఇన్నేళ్ళూ దారినపోయే అందరికీ చలి అమ్మిన నేను ఆ చలి మొహం చూడనేలేదు. మొన్న డిసెంబరులో మా ఆవిడ పోరు పడలేక లంబసింగి వెళ్ళాను. (స్వెట్టరు మరిచిపోయి.) మంచులో గజగజా వణుకుతుంటే ఆవిడ నవ్వాపుకోలేక అమ్మకి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, మీ అబ్బాయి వణికిపోతన్నారు!"

"సెమట్లు పడతన్నాయేటమ్మా?"

"లేదత్తయ్యా."

"అయితే ఇది నిజం సలే. దుప్పటి కప్పు."

అంటే అప్పటిది నాటకమని అమ్మకి ఎప్పుడో తెలిసిపోయింది. నవ్వొచ్చింది. ఆ వెంటనే, ఆ రోజు సంచీలోంచి రోడ్డు మీద దొర్లిపోయిన వంకాయలు గుర్తొచ్చి మొహం పక్కకి తిప్పుకున్నాను. ఏమైందని మా ఆవిడ అడిగితే, చలి అన్నాను.