కత్తెరక్క పొట్ట మీది గొట్టం

వీధిలో అందరికీ ఆమె కత్తెరక్క. పొడవైన పాంటు, బిగుతైన చొక్కా, జిప్పు పోయిన సంచి, ఏదైనా ఆమె కుట్టు కొట్టుకే వస్తుంది. మూత్రపిండాలు పాడైనప్పుడు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేసే యంత్రం పక్కన పడుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. వారంలో సగం అక్కడే గడిస్తే కొట్టు ఎవరు తెరుస్తారు? పొట్టలోకి మెత్తటి గొట్టం వేయించుకుంది. దాంట్లోంచి ద్రవం ఎక్కించుకోవాలి. ఒంట్లోని మలినం అందులోకి దిగాక బయటికి తీసేయాలి. అదంతా కొట్టు వెనక గదిలోనే.

గోడకు కొక్కెం. కొక్కేనికి ద్రవం సంచి. తలుపు మూసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే గొట్టం ముట్టుకునేది. అందులో వంక పెట్టడానికి లేదు.

కానీ ఎక్కడ దారప్పోగు వేలాడినా కత్తెరక్క చెయ్యి ఊరుకోదు. ఎదుటి మనిషి చొక్కా మీదదైనా లాగి పారేస్తుంది. గొట్టం చర్మంలోంచి బయటికి వచ్చే చోట చిన్న పక్కు కట్టింది. గిల్లింది. మళ్ళీ కట్టింది. మళ్ళీ గిల్లింది. ఆ చోటు ఎర్రబడింది. ఒక పొద్దున కట్టుకు చీము అంటుకుంది.

"పక్కు దానంతటదే రాలాలని చెప్పానా లేదా?" అంది ఆసుపత్రిలో నర్సు. "నేర్పినప్పుడు బుద్ధిగా తల ఊపావు కదక్కా!"

"ఊపింది తల. గిల్లింది వేళ్ళు."

నర్సు నవ్వు దాచుకుని చీము పరీక్షకు పంపింది.

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. దించిన ద్రవం తేటగా ఉందో మబ్బుగా ఉందో చూశాడు. తేటగానే ఉంది.

"క్రిములు ఇంకా లోపలికి పోలేదు. పోతే గొట్టం తీసేయాల్సి రావచ్చు. ఇక యంత్రమే."

"తీయనివ్వను."

"గొట్టం కోసం మీ ప్రాణం పణం పెట్టలేనమ్మా."

"లోపలికి పోతే కదా ఆ మాట! పోకుండా ఏం చెయ్యాలో చెప్పండి. చేస్తాను."

ఇంటికి రాగానే ఆడపడుచు అందుకుంది. "ఎందుకు వదినా ఈ మొండితనం? కొట్టు మూసి హాయిగా యంత్రం దగ్గర పడుకోరాదూ? నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు."

"నాలుగోది నీకు కనబడిందిగా అమ్మడూ. పట్టుకుని నువ్వే పడుకో."

డాక్టరు రాసిన మాత్రలు వేళ తప్పకుండా మింగింది. రోజూ ఆ చోటు శుభ్రం చేసి, తడి ఆరాక, నర్సు ఇచ్చిన పూత రాసింది. గొట్టం లాగినట్టు కాకుండా టేపుతో ఒంటికి అతికించింది. కట్టు మార్చేటప్పుడు మొగుడికి కూడా మాస్కు కట్టించి, కాస్త దూరంగా కూర్చోబెట్టింది.

"నా వేలు పక్కు వైపు పోతే గట్టిగా అరిచెయ్యి."

"ఇన్నేళ్ళకు నీ మీద అరిచే ఉద్యోగం దొరికింది," అన్నాడాయన. నిజంగానే అరిచాడు. ఆమె తిట్టుకుంటూ వేలు వెనక్కి తీసుకుంది.

ఒకసారి ద్రవం మారుస్తుండగా ఎవరో వెనక గది తలుపు బాదారు.

"అక్కా, నా పాంటు! బస్సు పోతోంది!"

"ఆగాలి."

"ఇలాగైతే వేరే కొట్టు చూసుకుంటా!"

"చూసుకో నాయనా. ఈ తలుపు మాత్రం తెరుచుకోదు."

అతను వెళ్ళిపోయాడు. ఆమె సంచి వైపు చూస్తూ కూర్చుంది.

మందులు వాడాల్సిన రోజులు పూర్తయ్యాక డాక్టరు గొట్టం దారి పొడవునా నొక్కి చూశాడు. చీము లేదు. ఎరుపు లేదు.

"మళ్ళీ రాదని చెప్పలేను. ప్రతిసారీ ఇలా గెలవలేమమ్మా."

"ప్రతిసారీ సంగతి ఎవరడిగారు? ఇవాళ్టి మాట చెప్పండి."

"ఇవాళ గొట్టం ఉంటుంది."

ఆమె కొట్టు తెరవడానికి లేచింది.