ఒక్క మధ్యాహ్నంలో ఆరుగురు కాంట్రాక్టర్లు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. తెలియనివి ఉంటాయన్న సంగతే నాకు తెలియదు మరి. ఇరవై రెండేళ్ల వయసు, ఆరు నెలల అకౌంట్స్ కోర్సు, మలేషియాలోని మా ఊరు బాగన్ దాతుక్‌లో, మా మావయ్య కొబ్బరికాయల షెడ్డులో గుమస్తా పని (ఫ్యాను కింద కూర్చునేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి దాన్ని మేనేజరు ఉద్యోగం అనుకునేదాన్ని). ఉద్యోగం పోయినవాళ్లకు కొన్నాళ్లు భృతి ఇచ్చే ప్రభుత్వ బీమా అప్పుడే కొత్తగా వచ్చింది. పనివాళ్ల తరఫున యజమాని కూడా కొంత కట్టాలనేసరికి మావయ్య తల పట్టుకున్నాడు. సొంతంగా పని చేసుకునే కాంట్రాక్టర్లకైతే కట్టక్కర్లేదని నేనెక్కడో చదివాను. ఇంకేముంది, కాయలు ఒలిచే ఆరుగురి చేతా కాగితాల మీద సంతకాలు పెట్టించి, ఒక్క మధ్యాహ్నంలో అందరినీ కాంట్రాక్టర్లను చేసేశాను. మావయ్య నన్ను ఊరంతా పొగిడాడు.

ఆ ఆరుగురిలో పెద్దది కాయలత్త. చుట్టరికం లేదు, చిన్నప్పుడు మా అమ్మ పనికి వెళితే నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. ఎవరైనా అడిగితే "నా పనికి నేనే బాసును" అనాలని ఆమెకు వారం రోజులు నేర్పాను.

ఒక పొద్దున ఆ బీమా ఆఫీసు నుంచి ఒక మలాయ్ ఆవిడ వచ్చింది. కాయలత్త పక్కనే స్టూలు వేసుకుని మెల్లగా మాటల్లోకి దించింది. అత్త నేర్పిన మాట నేర్పినట్టే అప్పజెప్పింది. హమ్మయ్య అనుకున్నాను. పనికి ఎన్నింటికి వస్తావని ఆవిడ అడిగింది. ఏడింటికనీ, ఆలస్యమైతే ఈ పిల్ల ముఖం మాడ్చుకుంటుందనీ అత్త చెప్పింది. పనిముట్లు షెడ్డువేనంది. సెలవు కావాలన్నా ఈ పిల్లనే అడగాలంది. నేను వెనకనుంచి కళ్లతో ఎన్ని సైగలు చేసినా, దుమ్ము పడిందేమోనని ఆమె జాలిపడింది తప్ప ఆగలేదు. చివరికి నన్ను దగ్గరకు లాక్కుని మలాయ్‌లో గర్వంగా చెప్పి, నాకోసం, మాట చివర 'లా' తగిలించే మా ఊరి తెలుగులో మళ్లీ అంది:

"నానెత్తుకుని పెంచినాను లా, ఈ పిల్లని. ఇప్పుడు నాకే బాసు అయిపోనాది."

ఆవిడ నవ్వుతూ ఏదో రాసుకుంది. నా కాగితాల వైపు చూడనైనా లేదు. వేళా, పనిముట్లూ, సెలవూ మా చేతిలో ఉంటే వాళ్లు కాంట్రాక్టర్లు కారట, పనివాళ్లేనట. పాత బాకీతో సహా మావయ్య కట్టాల్సి వచ్చింది. నెల రోజులు నాతో మాట్లాడలేదు. అత్త మాత్రం బెంగపడి, "ఏటమ్మీ, తప్పు సెప్పినానా?" అని అడిగింది. లేదన్నాను. అప్పటికి అది అబద్ధమే.

మూడేళ్లకు షెడ్డు మూతపడింది. కాయలత్తను నేనే ఆ ఆఫీసుకు తీసుకెళ్లి అర్జీ నింపాను. వేరే పని దొరికేదాకా నాలుగు నెలలు ఆమెకు భృతి వచ్చింది. మొదటిసారి డబ్బు పడినరోజు వేయించిన చేపలు పట్టుకుని మా ఇంటికి వచ్చి, పని చేయకుండా తీసుకోవడం సిగ్గుగా ఉందని కూర్చుంది. అది ఆమె హక్కని చాలాసేపు బోధించాను, ఆ చట్టం నేనే రాసినట్టు. ఆ హక్కును సంతకాలతో సహా ఊడగొట్టబోయింది నేనేనని మాత్రం చెప్పలేకపోయాను. అత్త శ్రద్ధగా తలూపుతూ, ముల్లు తీసిన చేపముక్కలు నా పళ్లెంలో వేస్తూనే ఉంది.