ఎర్ర పెన్సిల్ గీత

దేవకృప టీచర్ రిటైరై నాలుగేళ్లయింది గానీ ఆమె ఎర్ర పెన్సిల్ మాత్రం రిటైర్ కాలేదు. నేరేడ్‌మెట్‌లోని ఆ ఇంట్లో బైబిల్ తెరిస్తే పేజీ పేజీకీ గీతలే. పొద్దున్నే లేచి, ఆ రోజు ఎవరి కోసం ప్రార్థిస్తుందో వాళ్ల పేరూ తేదీ అంచున రాస్తుంది. చదవడం ఎక్కడ ఆగితే ఆ వాక్యం కింద గీత గీస్తుంది. ఆ వాక్యమే ఆ మనిషికి దేవుడిచ్చిన జవాబని తల్లి దగ్గర నేర్చుకున్న నమ్మకం. చర్చిలో కొందరు దీనికి నవ్వేవారు. పియానో వాయించే సైలస్ గారి పేరు పక్కన నిద్ర గురించిన మాట వచ్చి, ఆ వారంలోనే ఆయన పోయాక, నవ్వడం మానేశారు. ఆమె ఎదురొస్తే తమ పేరు రాసిందేమోనని భయపడటం మొదలుపెట్టారు.

కింది వాటాలో తస్నీమ్, ఆమె భర్త మొయిజ్ ఉంటారు. మొయిజ్ స్కూలు వ్యాను నడుపుతాడు. మరియమ్మ కథ మీ గ్రంథంలోనూ ఉందటగా అని టీచర్ ఒకసారి అడిగితే, తన దగ్గరున్న తెలుగు ఖురాన్ తెచ్చిచ్చాడు. ఒక పక్క అరబ్బీ, ఒక పక్క తెలుగు. చేతులు కడుక్కుని ముట్టుకోవాలనీ, నేల మీద పెట్టకూడదనీ, చదివాక గుడ్డలో చుట్టి ఎత్తున పెట్టాలనీ చెప్పాడు. అందులో రాయకూడదని మాత్రం చెప్పలేదు. అది కూడా చెప్పాల్సిన సంగతని పాపం ఆయనకెలా తోస్తుంది?

మొదట్లో ఆ పుస్తకం టీచర్‌కు తలకెక్కలేదు. కథ మొదలవుతుంది, సగంలో ఆగిపోతుంది, ఇంకెక్కడో మళ్లీ మొదలవుతుంది. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన మనిషి కదా, అనువాదం చూసి పెదవి విరిచింది. ఒక్కతే చదివినన్నాళ్లూ అందులో ఆమెకు కోపమే వినిపించింది.

తర్వాత తస్నీమ్ సాయంత్రాలు పైకొచ్చి కూర్చోవడం అలవాటైంది. ఆమెకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అరబ్బీ చదవగలదు, అర్థం తెలియదు. ఆమె ఒక ముక్క అరబ్బీలో చదివితే, టీచర్ దాని తెలుగు చదివేది. కాగితం మీద పొడిపొడిగా ఉన్న వాక్యం తస్నీమ్ గొంతులో విన్నాక టీచర్‌కు లోపలికి దిగేది. దయ అన్న మాట అన్నిసార్లు వస్తుందని అప్పుడే తెలిసింది.

"చిన్నప్పటి సంది చదువుతున్న టీచరమ్మా. ఏం చదువుతున్ననో ఇప్పుడు మీ నోట్ల ఇంటున్న" అనేది తస్నీమ్. అలా తొమ్మిది నెలలు గడిచాయి. టీచర్ ఏది చెబితే అదే ఆమెకు అర్థం.

మొన్న సోమవారం మొయిజ్ వ్యాను కడుగుతూ కుప్పకూలాడు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ఇంకా స్పృహ రాలేదు.

మంగళవారం పొద్దున, ఆయన కోసం ఆయన పుస్తకంలోనే చదవాలనిపించింది టీచర్‌కు. చేతులు కడుక్కుంది. చెయ్యి తన అలవాటు చొప్పున అంచున మొయిజ్ పేరు రాసి, తేదీ వేసింది. నాలుగు పేజీలు చదివాక వీధిలో కూరగాయల బండి కేక వినబడి ఆగింది. ఆగిన చోట గీత గీసింది. గీశాక చూసింది. ప్రాణమున్న ప్రతి ఒక్కరూ చావు రుచి చూడక తప్పదన్న మాట అది.

ఆమె గబగబా రబ్బరు పెట్టి రుద్దితే ఎర్రరంగు పోకపోగా పల్చటి కాగితమంతా పాకింది. ప్రభువా, నా చేత్తో నేనే రాశానే అని ఏడ్చింది. ఆ మధ్యాహ్నం తస్నీమ్ ఫోన్ చేస్తే, ఏం కాదమ్మా, వచ్చేస్తాడు అని చెప్పింది. చెప్పేటప్పుడు సైలస్ గారే కళ్లముందు కనిపించారు.

గురువారం స్నానానికని ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తస్నీమ్ తడి జుట్టుతోనే పైకొచ్చింది. టీచర్ లేచేలోపు అలమార మీది పుస్తకం తనే దించి, గుడ్డ విప్పింది. పుస్తకం ఆ నలిగిన పేజీ దగ్గరే తెరుచుకుంది.

"గీ ఎర్రగ రాసిందేంది టీచరమ్మా?"

"మీ ఆయన పేరమ్మా. తప్పయిపోయింది, అలవాటులో రాసేశాను."

తస్నీమ్ కోప్పడలేదు. టీచర్ అలవాటు ఆమెకు తెలుసు. కళ్లలో ఆశ మెరిసింది. "రాస్తే రాసిర్రు. మరి ఏం జవాబొచ్చింది? జెర చదువుర్రి."

టీచర్ తెలుగు వైపు వేలు పెట్టి, అక్కడ లేనిది చదివింది. "కష్టం వెనకే తేలిక ఉందట తస్నీమ్. భయపడకమ్మా."

తస్నీమ్ తల ఊపింది. తొమ్మిది నెలల అలవాటు ప్రకారం తన వంతు అరబ్బీ చదవడానికి గీతకు ఎదురుగా వేలు పెట్టింది. పెదవులు రెండు మాటలు పలికి ఆగిపోయాయి.

"మా నాయిన పోయిననాడు గిదే చదివిర్రు" అంది మెల్లగా. "గీ ఒక్కదాని అర్థం మా ఇండ్లల్ల చిన్న పోరలకు సుత ఎరుకే, టీచరమ్మా."

టీచర్ తెలుగు వైపున్న వేలు వెనక్కి తీసుకుంది.

"మరి ఇన్ని దినాలు నాకు చెప్పినయన్ని గిట్లనే చెప్పిర్రా?"

తస్నీమ్ పుస్తకాన్ని గుడ్డలో చుట్టింది. ఈసారి అలమార మీద పెట్టలేదు. గుండెకు హత్తుకుని కిందికి దిగిపోయింది.