యాదగిరి చెప్పిన చక్కెర సంగతి

నేను మైక్రోస్కోపు ముందు బతికినవాణ్ని. దెయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ని. ఇప్పుడు కూడా నమ్ముతానని చెప్పను.

ఎనభైల మొదట్లో పాతబస్తీలో ఒక ఆసుపత్రిలో పెథాలజిస్టుగా చేసేవాణ్ని. గుంటూరు నుంచి వచ్చి హుస్సేనీ ఆలంలో అద్దెకుండేవాళ్లం. ఒకరోజు మలక్‌పేటకు చెందిన యాదగిరి అనే వడ్రంగి స్లైడు నా దగ్గరికి వచ్చింది. కడుపునొప్పికి సర్జన్ పొట్ట తెరిస్తే క్లోమంలో గడ్డ కనబడిందట. సూదితో కాసిని కణాలు లాగి, కుట్లు వేసి, నా రిపోర్టు కోసం ఆగారు.

కణాలు విడివిడిగా, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. మామూలు క్లోమం క్యాన్సర్‌లో అలా ఉండవు. ఇది వేరే గడ్డేమోనన్న అనుమానం నాకు తట్టింది కూడా. కానీ ట్రేలో ఇంకా బోలెడు స్లైడ్లున్నాయి. క్యాన్సర్ అని రాసేశాను. ఆ రోజుల్లో ఆ మాట రాస్తే ఇక ఆపరేషన్ లేనట్టే. ఆయన్ని ఇంటికి పంపేశారు.

కొన్ని వారాల తర్వాత, మధ్యాహ్నం, నా గది గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. కడుపు మీద చెయ్యి అదిమి పట్టుకున్నాడు.

"మలక్‌పేట యాదగిరిని సారూ. తెల్లారంగ మస్తు చెమటలు వడతయి, సోయి ఉండదు. ఇంత చక్కెర నోట్లేస్తే మళ్ల మంచిగైతది. గా ముచ్చట నన్నెవ్వలు అడగలే."

రక్తంలో చక్కెరను పడగొట్టే అరుదైన గడ్డ ఒకటుంది. పుస్తకంలో చదివానే గాని ఎప్పుడూ చూడలేదు. కోసి తీసేస్తే చాలామంది బతుకుతారు. ఆయన్ని కూర్చోమని చెప్పి, బీరువాలోంచి స్లైడు తీసి మళ్లీ చూశాను. అదే. తలెత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. వరండాలో కూర్చున్న అటెండరు, ఎవరూ రాలేదన్నాడు.

కొత్త రిపోర్టు రాసి జేబులో పెట్టుకుని, అడ్రసు పట్టుకుని మలక్‌పేట వెళ్లాను. ఆయన భార్య తలుపు తీసింది. యాదగిరి పోయి నాలుగు రోజులైందట. ఆమె పొద్దున్నే నీళ్లకు నల్లా దగ్గరికి వెళ్లి వచ్చేసరికి చెమటల్లో తడిసి ఉన్నాడట, ఇక లేవలేదట.

చక్కెర సంగతి అడిగాను. ఆమె బిత్తరపోయింది.

"మీకెవలు చెప్పిండ్రు సారూ? గా ముచ్చట మా ఇద్దరికే ఎరుక. డాక్టర్లు నవ్వుతరని నేనే చెప్పనియ్యలే." నా మొహంలోకి చూసి అడిగింది: "ఆపరేషన్ చేస్తే బతికేటోడా?"

రిపోర్టు జేబులోనే ఉంది.

"లేదమ్మా" అన్నాను.

వచ్చింది ఎవరో బంధువు అనుకుందామంటే, ఆ సంగతి తెలిసినవాళ్లే లేరు. నా భ్రమ అనుకుందామంటే, నాకు తెలియనిది నా భ్రమకెలా తెలుస్తుంది? ఈనాటికీ నాకు అంతుపట్టలేదు.

ఆమెకు నిజం చెప్పాలని తర్వాత చాలాసార్లు బయల్దేరాను. చార్మినార్ దాకా నడిచి, మలక్‌పేట బస్సు ఎక్కకుండానే వెనక్కి వచ్చేవాణ్ని.