గుర్రాల బయలు చరిత్ర, సూర్యప్రకాశరావు చెప్పినంత

జమ్మలమడుగు తాలూకా కచేరి గుమాస్తా సూర్యప్రకాశరావుకు ఒక్కటే జబ్బు: గుర్రాల బయలు చరిత్ర చెప్పకుండా ఆ బయల్లో ఒక్క గుర్రాన్నీ పరుగెత్తనివ్వడు. "చరిత్ర తెలీకుండా పరిగెత్తితే అది పందెమెట్లయితాదప్పా? పారిపోవడమైతాది!" అనేవాడు.

నేను మద్రాసులో పందేలు చూశాను, బెంగుళూరులో చూశాను. అక్కడ గడియారం చూసి గుర్రాలను వదులుతారు. పెన్న ఒడ్డున ఉన్న ఈ బయల్లో మాత్రం, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఏటా జరిగే గుర్రాల తిరునాళ్లలో రావు చరిత్ర ముగించి ముక్కాలిపీట దిగితేనే రామాంజులు తప్పెట కొట్టేవాడు. తప్పెట మోగేసరికి గీత మీద లేని గుర్రానికి ఆ ఏడు పందెం లేదు. ఉన్నదల్లా ఆ ఒక్క నియమమే.

పరుగెత్తేవి జట్కా గుర్రాలే. బండి విప్పి, మెడలో పూసలు కట్టి, తోలేవాళ్లే ఎక్కేవాళ్లు. గెలిచినవాడికి కప్పూ లేదు, శాలువా లేదు. ఏడాది పొడుగునా బస్టాండులో జట్కాల వరుసలో మొదటి చోటు. బస్సు దిగినవాళ్లు ఎదురుగా ఉన్న బండే ఎక్కుతారు మరి. మూడేళ్లుగా వరుస చివర ఈగలు తోలుకుంటున్న మౌలాలికి ఆ చోటు విలువ బాగా తెలుసు.

చరిత్ర గండికోట దగ్గర మొదలయ్యేది. కోట గుర్రాలు నీళ్లకని పెన్నకు దిగేవట. తర్వాత ఎవరో దొర ఆ దారిలో రాళ్లు ఏరించి గీత గీయించాడట. ఆ దొర పేరు ఏటా మారేది. ఎందుకని అడిగితే, "దొరలు బదిలీ అయితారు గదప్పా!" అన్నాడు.

నన్ను తొలిచింది పేరు కాదు, నిడివి. గడియారం పట్టుకుని చూశాను. ఒక ఏడు చరిత్ర పన్నెండు నిమిషాలు. మరుసటేడు ముప్పావుగంట. కారణం అంతుపట్టలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు గీత మీద పదకొండు గుర్రాలు నిలబడ్డాయి. మౌలాలి లేడు. రావు పీట ఎక్కాడు. గంట గడిచింది. దొరలు అయిపోయారు, నవాబులు అయిపోయారు.

"ఏంది సామీ, ఎండ నెత్తికెక్కె! నా గుర్రం నిలబడే నిద్రపోతాండాది," అన్నాడు మహబూబ్ బాషా. ఆ ఏడు గెలుపు అతనిదేనని ఊరంతా అనుకుంటోంది.

"పోనీలేప్పా. రాయలవారి గుర్రాలూ ఇట్లే నిద్రపోయేటివి. ఆ సంగతికే వస్తాండా."

"రాయలవారు ఇందాకే అయిపాయ గదా!"

"అది పోయేటప్పుడు. ఇప్పుడు వచ్చేటప్పుడు."

"రెండుసార్లు మంట మీద కాచినా సామీ, తప్పెట మళ్లీ చల్లారిపాయ," అని గోలపెట్టాడు రామాంజులు.

"చల్లారితే మళ్లీ కాయి. చరిత్ర మాత్రం ఇంగా చల్లారలే."

రెండో గంట నిండుతుండగా దూరాన దుమ్ము లేచింది. మౌలాలి! బండి కట్టుకునే వస్తున్నాడు, ఆడగుర్రం నోట నురగ. ఇక రావు దిగుతాడనుకున్నాను. దిగలేదు. మౌలాలి బండి విప్పి, గుర్రానికి నీళ్లు పట్టి, ఒళ్లు తుడిచి, అటూ ఇటూ నడిపించిందాకా పెన్నకు వచ్చిన వరదలన్నీ ఏడాదివారీగా చెప్పాడు. గుర్రం గీత మీదికి రాగానే "ఇంతే చరిత్ర!" అని పీట మీంచి దూకాడు.

తప్పెట మోగింది. పదకొండు గుర్రాలూ కదల్లేదు. రెండు గంటల చరిత్ర వాటి కాళ్లలో గడ్డకట్టింది. దాదాపు ఏమీ వినని మౌలాలి గుర్రం ఒక్కటే దూసుకుపోయింది. మిగతావి తేరుకునేసరికి సగం దూరం దాటేసింది. మహబూబ్ బాషా గుర్రం తరుముకొచ్చినా, మౌలాలి గుర్రమే రొప్పుతూ రొప్పుతూ మూతి తేడాతో గెలిచింది.

మరునాడు బస్టాండులో మొదటి బండి ఎక్కి, ఎందుకు ఆలస్యమైందని మౌలాలినే అడిగాను.

"నిన్న పొద్దున పక్కూళ్లో మైమూనని ఒకామెకు కాన్పు నొప్పులొచ్చె సార్. ఆసుపత్రికి తీసకపోండప్పా అని రావు సామి అందర్నీ అడిగె. పూసలు గట్టిన గుర్రానికి బండి యెవురు కడతారు? నేను పూసలు ఇప్పినా. 'నువ్వు పో. నువ్వొచ్చేదాకా తప్పెట మోగదు, నాది పూచీ' అనె. తల్లీబిడ్డా శానా బాగుండారు."

ముప్పావుగంట చరిత్ర నాడు ఎవరి గుర్రానికో లాడం ఊడిందని కూడా అతనే చెప్పాడు.

అక్కణ్ణుంచి నేరుగా కచేరికి పోయాను. "మౌలాలి ఇంకో గంట ఆలస్యం చేసుంటే ఏం చేసేవాడివయ్యా?"

రావు కాగితాల్లోంచి తలెత్తలేదు. "ఏమయితాదప్పా? నా దగ్గిర ఇంగా మూడు రాజవంశాలు మిగిల్నాయి."