మందు అక్కర్లేని ఈగ

అది 2023 ఫిబ్రవరి. నిడదవోలులో మా పురుగుమందుల కొట్టుకి సత్తిబాబు గారనే కౌలు రైతు వచ్చి, కౌంటర్ మీద అగ్గిపెట్టె తెరిచారు. లోపల ఒళ్లంతా బొచ్చు, పొడుగు మూతి ఉన్న ఈగ చచ్చి ఉంది. ఆయనకి గోదావరి లంకలో అరెకరం వంగతోట. ఆ ఏడు ఇల్లు గడవడానికి అదొక్కటే ఆధారం. అప్పటికే కాయల్లో పుచ్చు మొదలైంది.

"తోట పక్క మట్టిగట్టుకి బెజ్జాలున్నాయండి. వాటి ముందు ఈ ఈగలు గాల్లో నిలబడి గుడ్లు విసురుతున్నాయండి. పుచ్చు పురుగుకి తల్లి ఇదే. గట్టి మందివ్వండి."

"కాదండి. దీన్ని బీ ఫ్లై అంటారు. పుచ్చు తెచ్చేది సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగు. ఇది మీ కాయ జోలికే రాదు."

ఆ బెజ్జాల్లో నీలిచారల తేనెటీగలు గూడు కట్టి, పుప్పొడి ముద్ద పెట్టి గుడ్లు పెడతాయి. బీ ఫ్లై తన గుడ్డుని బయట నుంచే విసురుతుంది. దాని పిల్ల లోపలికి పాకి, తేనెటీగ పిల్ల ఆ పుప్పొడి తిని బలిసేదాకా కాచుకుని, అప్పుడు దాన్ని పీల్చేస్తుంది. పారాసైట్ అంటే అదే, ఒకరి కష్టం మీద బతికేది. అయినా గట్టు మీద తేనెటీగలు ఏటా ఉంటూనే ఉన్నాయి. వంగపువ్వుని పట్టుకుని ఊపి పుప్పొడి రాల్చి కాయ కట్టించేది అవే.

ఇదంతా చెప్పి, పుచ్చిన కాయలు, వాడిన కొమ్మలు తుంచి కాల్చమన్నాను. గట్టుకి మాత్రం మందొద్దన్నాను.

"మందివ్వని మందుల కొట్టేంటండీ" అని నవ్వి వెళ్లిపోయారు. పక్క వీధి కొట్టులో అడిగినదానికన్నా గట్టిదే ఇచ్చారు. ఆయన గట్టుకీ తోటకీ కలిపి కొట్టారు.

నెల తిరక్కుండా ఆయన భార్య మంగ గారు వచ్చారు.

"పూత బాగానే ఉందండి, కాయ నిలవట్లేదు. నిలిచిందీ గిడసబారిపోతంది. గట్టు మీద ఒక్క ఈగా లేదు. ఆయన మీకు మొహం చూపించలేక నన్ను పంపారండి."

"పుచ్చు తగ్గిందా?"

"ఎక్కడండీ. పూత నిలిచే మందేదన్నా ఉంటే ఇవ్వండి."

నా ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో కూడా తెలియలేదు. తేనెటీగలు నా దగ్గర దొరకవు. పూత మందు అలమర నిండా ఉంది. తీసిచ్చాను.

బీ ఫ్లై కొన్ని పిల్లల్ని తిని కొన్నిటిని మిగులుస్తుంది. అన్నీ తినేస్తే వచ్చే ఏడు దాని పిల్లలకి తిండి ఉండదు. మాకు ఆ బెంగ కూడా లేదు. తోట ఎంత చెడితే కొట్టుకి అంత గిరాకీ. ఇరవై ఏళ్లుగా నేను తింటున్నది ఆ తిండేనని మంగ గారు సంచీ పట్టుకుని మెట్లు దిగుతుంటే అర్థమైంది.