కర్త లేని వాక్యాలు

పురపాలక కార్యాలయంలో టైపమ్మకు ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ముగ్గురు అధ్యక్షులు మారినా, కిటికీ పక్కన ఆమె బల్లా, నడుం నొప్పికి కుర్చీలో మడతపెట్టి వేసుకున్న పాత దుప్పటీ మారలేదు.

ఆ బల్ల దగ్గర ఆమె నేర్చిన వ్యాకరణం బళ్లో చెప్పేది కాదు. మంచి జరిగితే వాక్యానికి కర్త ఉండి తీరాలి: "అధ్యక్షులవారు కొళాయిలు వేయించారు." చెడు జరిగితే కర్త కనబడకూడదు: "కొళాయిలు ఎండిపోవడం జరిగినది." వీధి దీపాలు ఆయన వెలిగించేవారు, ఆరిపోవడం మాత్రం వాటంతట అవే ఆరిపోయేవి. రోడ్లు ఆయన వేసినవి, గుంటలు స్వయంభువులు.

ఆ ఏడు కాలువ మీద నడక వంతెన కట్టారు. బోల్టుల బిగింపు పూర్తికాలేదు, పది రోజులు ఆగమని ఇంజనీరు రెండు ఉత్తరాలు రాశాడు.

"పది రోజులాగితే ఎన్నికల ప్రకటన వచ్చిపడుతుంది. అప్పుడు రిబ్బను మీ తాత కత్తిరిస్తాడా?" అన్నారు అధ్యక్షులు. "తగు జాగ్రత్తలు తీసుకోవడమైనది" అని జవాబు టైపు చేసింది టైపమ్మే.

సోమవారం రిబ్బను తెగింది. గురువారం పొద్దున వంతెన తెగింది. ఆ సమయానికి దాని నడిమధ్యన, కుట్టిన బట్టల మూటతో నడుస్తున్నది టైపమ్మ బావ. నీళ్లు మోకాలి లోతే కాబట్టి ప్రాణం దక్కింది గానీ కాలు రెండుచోట్ల విరిగింది.

ఆసుపత్రిలో అక్క నిలదీసింది. "మీ ఆఫీసేగా కట్టింది? ఇప్పుడు మేం ఎవర్నడగాలి?"

అలవాటు కొద్దీ టైపమ్మ నోటంట వచ్చేసింది. "కూలడం జరిగిందక్కా."

"జరిగిందా? దానికదే జరిగిందా? మీ బావ కాలు కూడా దానికదే విరిగిందా?"

టైపమ్మకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు అధ్యక్షులు నివేదిక చెప్పారు. "పాదచారుల బరువు వల్ల వంతెన కూలుట జరిగినదని భావించడమైనది. రాసుకున్నావామ్మా?" ఆమె తల ఊపి బల్ల దగ్గరికొచ్చింది. ఇంజనీరు ఉత్తరాలు తీసి ముందు పెట్టుకుంది. ఆ తర్వాత ఇలా కొట్టింది: "ఇంజనీరు రెండుసార్లు వద్దని రాసినా అధ్యక్షులవారు వంతెనను ప్రారంభించారు. నాలుగో రోజున అది కూలి ఒక దర్జీ కాలు విరిగింది." ఉత్తరాల నకళ్లు వెనక జతచేసింది.

"ఒకసారి చదవండి సార్" అంది కాగితం పెడుతూ.

"నువ్వు కొట్టాక చదవడమెందుకమ్మా!" ఫోను చెవిన పెట్టుకునే సంతకం గీకేశారాయన.

పురపాలక సంఘం సమావేశంలో లేచి నిలబడి, గొంతు సవరించుకుని, స్వయంగా చదివారు. "ఇంజనీరు రెండుసార్లు వద్దని రాసినా అధ్యక్షులవారు వంతెనను..." దిగుడులో వదిలిన బండిలా నాలుక ఇంకో మాట ముందుకెళ్లాకే ఆగింది. "...ప్రారంభించారు."

సభ్యులంతా ఆయన వైపు తిరిగారు.

"ఇది... టైపింగు తప్పు!"

టైపమ్మ పెన్సిలు పట్టుకుని లేచింది. "ఏ అక్షరం తప్పో చెప్పండి సార్, ఇప్పుడే దిద్దుతాను."

ఆయన కాగితాన్ని పైనుంచి కిందికి వెతికారు. ఒక్క అక్షరమూ దొరకలేదు. అంతవరకు నేల చూపులు చూస్తున్న ఇంజనీరు నెమ్మదిగా అన్నాడు. "నా ఉత్తరాలు కూడా వెనకాలే ఉన్నాయండీ."

ఆయన పదవి పోలేదు. ఊరికి అంత అదృష్టమా! కానీ పైనుంచి విచారణ వచ్చింది. ఎవరినీ కూర్చోమనని మనిషి నాలుగు రోజులు ఇంకొకరి గది బయట బెంచీ మీద కూర్చున్నారు. విచారణాధికారి చెప్పాడని ఆసుపత్రికి వెళ్లి, బావ మంచం పక్కన నిలబడ్డారు.

"క్షమించడం జరగాలి" అన్నారట.

"ఎవర్ని?" అంది అక్క.

నుదురు తుడుచుకుని అన్నారట: "నన్ను."

టైపమ్మను జనన మరణాల విభాగానికి మార్చారు. అక్కడ కిటికీ లేదు, కుర్చీ మాత్రం నయం. బావ ఆర్నెల్లకు మళ్లీ మిషనెక్కాడు. అధ్యక్షులు ఇప్పుడు ప్రతి కాగితం వేలు పెట్టి, కూడబలుక్కుని చదివి గానీ సంతకం చేయడం లేదు. ఫైళ్లు అటక దాకా పేరుకున్నాయి. ఆఫీసులో అందరూ టైపమ్మనే తిట్టుకుంటున్నారు.